బుల్లి బండి చెప్పిన చరిత్ర

ఈ వారం నన్ను చరిత్ర మీద ఏదైనా మాట్లాడమన్నారు. చరిత్ర అనగానే మనకు రాజులు, కోటలు, శాసనాలు గుర్తొస్తాయి. నాకు అవేమీ అంత బాగా తెలియవు. నేను కంప్యూటర్లతో పొట్టపోసుకునేవాణ్ణి. అందుకని ఒక బండి చరిత్ర చెబుతాను. మీరందరూ రోజూ చూసే బండే. ఇళ్లు కట్టే చోట, రోడ్లు తవ్వే చోట, చలికాలంలో అపార్టుమెంటు పార్కింగులో మంచు తోసే చోట, ముందు ఒక బకెట్ పెట్టుకుని ఉన్నచోటే గిరగిరా తిరిగే బుల్లి బండి. దాన్ని స్కిడ్ స్టీర్ లోడర్ అంటారు. జనం నోట్లో మాత్రం బాబ్‌క్యాట్. ఫొటోకాపీని జిరాక్స్ అన్నట్టు, ఒక కంపెనీ పేరే బండి పేరైపోయింది.

ఈ బండి మీద నాకు ఇంత ఆసక్తి ఎందుకు పుట్టిందో ముందు చెప్పాలి. అందులో నా తెలివితక్కువతనం కూడా ఉంది.

మేముండేది మిన్నెసోటాలో. పోయిన వేసవిలో మా పెరడు చదును చేసి ఓ మూల కూరగాయల మడులు కట్టాలనుకున్నాం. అప్పటికి మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. ఆయన నాగార్జునసాగర్ కాలవ పనుల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. పలుగూ పారతో చేస్తే నెల పడుతుందని, శనివారానికి ఒక స్కిడ్ స్టీర్ అద్దెకు తెచ్చాను. అద్దె షాపతను పది నిమిషాలు అన్నీ చూపించాడు. నేను తల ఊపాను. కారు నడపడం వచ్చు కదా, ఇదెంత అనుకున్నాను.

ఓ గంట బాగానే సాగింది. తర్వాత మొదలైంది తంటా. బకెట్ అంచు నేలకు ఆనిందో లేదో చూద్దామని ముందుకు వంగినప్పుడల్లా బండి టక్కున ఆగిపోయేది. చేతులు ఎక్కడివక్కడ బిగుసుకుపోయేవి. మళ్ళీ కూచుని, అన్నీ సరిచేసి, మొదలుపెట్టాలి. పదిసార్లు అయ్యేసరికి చిరాకొచ్చింది. సాయానికి వచ్చిన మా మిత్రుడు, నాలాగే సాఫ్టువేరు మనిషి, సీటు కింద చూసి, “ఇక్కడ ఒక స్విచ్ ఉంది. సీట్లో మనిషి లేడనుకుని ఆపేస్తోంది. రెండు తీగలూ కలిపేస్తే గొడవ వదిలిపోతుంది” అన్నాడు. నాకూ నచ్చింది. మా వృత్తిలో దీన్నే వర్కరౌండ్ అంటాం. గరాజులోకి వెళ్లి ఒక తీగ ముక్క పట్టుకొచ్చాను.

వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూచున్న నాన్నగారు అడిగారు, “ఒరేయ్, ఆ తీగ ఎందుకురా?” అని. చెప్పాను. మా మిత్రుడు కూడా, “ఏం కాదు బాబాయ్ గారూ, చిన్న పనే” అన్నాడు. నాన్నగారు లేచి వచ్చి బండి ముందు నిలబడ్డారు. “కాలవ పని మీద ఉండగా బుల్డోజరు బ్లేడు పైకి లేపి పెట్టి, దాని కింద దూరి గ్రీజు పెడుతున్నాడు ఒక కుర్రాడు. లివరుకి ఎవరి చెయ్యో తగిలింది. వాళ్ళమ్మకి కబురు చెప్పడానికి నేనే వెళ్లాల్సొచ్చింది. ఆ బండికి ఇట్లాంటి స్విచ్ లేదు. దీనికి ఉంది. అది ఎందుకు పెట్టారో కనుక్కుని ఆ తర్వాత పీకండి” అన్నారు.

ఆ మాటతో ఆ రోజుకు పని ఆపేశాం. ఆ రాత్రి నేను కనుక్కోవడం మొదలుపెట్టాను. మీకు చెప్పబోయేది ఆ కథే.

మిన్నెసోటా పశ్చిమాన రోత్సే అని ఒక చిన్న ఊరుంది. మేం ఫార్గో వెళ్లేటప్పుడు ఐ-94 మీద దాని పక్కనుంచే వెళ్తాం. ఊరి దగ్గర పెద్ద ప్రెయిరీ కోడి బొమ్మ ఉంటుంది. పిల్లలు దాన్ని చూసి కేకలు పెడతారు. 1950ల్లో ఆ ఊరి దగ్గర లూయీ కెల్లర్, సిరిల్ కెల్లర్ అనే అన్నదమ్ములు వ్యవసాయ పనిముట్లు బాగుచేసే షెడ్డు నడిపేవారు. మన కమ్మరి కొలిమి, వెల్డింగు షాపు కలిస్తే ఎలా ఉంటుందో అలాంటిది. అక్కడికి ఎడ్డీ వీలో అనే టర్కీ కోళ్ల రైతు వచ్చాడు. ఆయన కోళ్ల కొట్టాలు రెండంతస్తులవి. లోపలంతా స్తంభాలు. పెంట ఎత్తిపోయాలంటే మనుషులు పారలతో ఎత్తాల్సిందే. ట్రాక్టరు స్తంభాల మధ్య తిరగదు. తిరిగినా పై అంతస్తు దాని బరువు మొయ్యదు. తేలిగ్గా ఉండి, ఉన్నచోటే తిరిగే బండి కావాలన్నాడు.

అన్నదమ్ములిద్దరూ పాత సామాన్లు పోగేసి కొన్ని వారాల్లో ఒక బండి తయారుచేశారు. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటే చిన్న చక్రం. షాపింగ్ కార్టుకి ఉంటుందే, ఎటు తోస్తే అటు తిరిగే చక్రం, అలాంటిది. కిటుకంతా ముందు చక్రాల్లో ఉంది. ఎడమది, కుడిది వేటికవి విడివిడిగా నడుస్తాయి. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి తిప్పితే బండి ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. 1957 ఫిబ్రవరి 4న ఆ బండిని వీలోకి అప్పజెప్పారు.

ఆ తర్వాత నార్త్ డకోటాలోని గ్విన్నర్ అనే ఊళ్ళో వ్యవసాయ యంత్రాలు చేసే మెల్రో కంపెనీ కంట్లో ఇది పడింది. 1958లో మిన్నెసోటా స్టేట్ ఫెయిర్‌లో ఈ బండిని ప్రదర్శించారు. జనం ఎగబడి చూశారు. మెల్రో వాళ్ళు తయారీ హక్కులు తీసుకుని, కెల్లర్ సోదరుల్ని కూడా తమ దగ్గరికి రప్పించుకున్నారు. అయితే మూడు చక్రాల బండికి మెత్తని నేలలో, గతుకుల్లో పట్టు చాలలేదు. 1960లో వెనక చక్రం తీసేసి నాలుగు చక్రాలకూ శక్తి అందేట్టు చేశారు. ఇరుసు తిరగదు, చక్రాలు వంకర పోవు. ఒక పక్క చక్రాలు ఆగి, రెండో పక్కవి తిరిగితే బండి నేల మీద జారుతూ మలుపు తీసుకుంటుంది. అలా జారుతూ తిరుగుతుంది కాబట్టే దానికి స్కిడ్ స్టీర్ అని పేరు. 1962లో ఆ ప్రాంతపు అడవి పిల్లి పేరు మీద బాబ్‌క్యాట్ అని పేరు పెట్టారు. చిన్నది, చురుకైనది, గట్టిది అని. కెల్లర్ సోదరుల్లో లూయీ 2010లో, సిరిల్ 2020లో చనిపోయారు. 2023లో ఇద్దరి పేర్లూ అమెరికా ఆవిష్కర్తల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. కోళ్ల పెంట ఎత్తడానికి పుట్టిన బండి అంతదూరం వెళ్లింది.

ఇంతవరకు సంతోషంగా ఉంది కదా. ఇప్పుడు రెండో వైపు చూద్దాం.

చిన్నగా ఉండటం కోసం ఈ బండిలో మనిషిని ఎక్కడ కూచోబెట్టారో గమనించారా? బకెట్ ఎత్తే రెండు ఇనుప చేతుల మధ్య. ఆ చేతులు వెనక నుంచి మొదలై, డ్రైవరు భుజాల పక్కగా ముందుకు వస్తాయి. పైకీ కిందికీ ఆడేటప్పుడు కత్తెరలా ఆడతాయి. తల బయటికి పెట్టినా, చెయ్యి బయటికి చాచినా ఆ కత్తెరలో పడ్డట్టే. మామూలు ట్రాక్టరు పక్కనుంచి ఎక్కుతాం. దీన్ని ముందు నుంచి, బకెట్ దాటుకుని ఎక్కాలి. దిగేటప్పుడూ అంతే. బకెట్ పైన ఉండగా దిగితే దాని కిందనుంచే దిగాలి. చాలా బండ్లలో చేతుల్ని ఎత్తడానికి దించడానికి కాలి పెడల్స్ ఉంటాయి. మనిషి సీట్లోంచి లేచేటప్పుడు కాలు ఎక్కడ పడుతుంది? ఆ పెడల్ మీదే.

ఇంకో సంగతి బరువు. ఖాళీ బండికి ఇంజనుతో సహా బరువులో ఎక్కువ భాగం వెనక చక్రాల మీద ఉంటుంది. బకెట్ నిండితే బరువు ముందుకు వస్తుంది. అంటే ఒకే బండి, ఒకే గంటలో, రెండు రకాల బండ్లు అవుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఎప్పుడూ బరువైన వైపు పైకి ఉండాలి. ఖాళీగా ఉంటే వెనక్కి నడుపుతూ ఎక్కాలి, నిండుగా ఉంటే ముందుకి నడుపుతూ ఎక్కాలి. కారు నడిపిన అలవాటుతో ఇది ఎవరికీ తోచదు. నాకైతే తోచలేదు. బకెట్‌ని పైకెత్తి పెట్టుకుని పోతే ఇంకా ప్రమాదం. తల మీద బిందె పెట్టుకుని గట్టు ఎక్కినట్టే. ఇంత బరువు మించి ఎత్తవద్దని బండి మీద రాసి ఉంటుంది. ఆ అంకె ఎలా వచ్చిందంటే, ఎంత బరువుకి బండి ముందుకు ఒరిగిపోతుందో కొలిచి, అందులో సగం రాస్తారు. 3000 పౌండ్లకి ఒరిగే బండికి 1500 పౌండ్లు అన్నమాట. అదీ చదునైన గట్టి నేల మీద. మన పెరళ్లు అలా ఉండవు కదా.

బండి తిరగబడితే మనిషిని కాపాడేది పైనున్న ఇనుప పంజరం. దీని చరిత్ర పొలాల్లో మొదలైంది. ట్రాక్టర్లు తిరగబడి రైతులు చనిపోవడం చూసి స్వీడన్ 1959లో కొత్త ట్రాక్టర్లన్నిటికీ రక్షణ చట్రం ఉండాలని శాసనం చేసింది. ఆ తర్వాత అక్కడ ఆ చావులు బాగా తగ్గిపోయాయి. అమెరికాలో ట్రాక్టరు కంపెనీలు తమంతట తాము దాదాపు కొత్త ట్రాక్టర్లన్నిటికీ దీన్ని అమర్చడం 1985లో గానీ మొదలుకాలేదు. చట్రం ఒక్కటే ఉంటే చాలదు. బెల్టు లేకపోతే తిరగబడే బండిలోంచి మనిషి బయటికి పడతాడు, కాపాడాల్సిన పంజరమే వచ్చి మీద పడుతుంది. అందుకే చట్రం, బెల్టు ఒక జంట. ఒకటి లేకుండా రెండోది దండగ.

నిర్మాణ పనుల సంగతి చూస్తే, పని చోట మనుషుల భద్రత కోసం అమెరికాలో ఒక సమగ్ర చట్టం మీద అధ్యక్షుడు నిక్సన్ 1970 డిసెంబరు 29న సంతకం చేశాడు. ఆ చట్టంతోనే ఓషా, నయాష్ అనే రెండు సంస్థలు పుట్టాయి. ఒకటి నియమాలు పెట్టేది, రెండోది పరిశోధన చేసేది. లోడర్లు, డోజర్ల వంటి నిర్మాణ యంత్రాలకి 1972 సెప్టెంబరు నుంచి తయారయ్యే వాటికి రక్షణ చట్రం ఉండాలని ఓషా నియమం వచ్చింది. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ జాబితాలో స్కిడ్ స్టీర్ పేరు లేదు. కంపెనీలు తమంతట తాము చట్రాలు అమరుస్తూనే వచ్చాయి గానీ, ఆ నియమంలో ఈ బండి పేరు చేరింది 2019లో. ఆ ఏడాది జూలై తర్వాత తయారయ్యే రబ్బరు చక్రాల స్కిడ్ స్టీర్లకి అది వర్తిస్తుంది. పుట్టింది 1957లో, పేరు చేరింది 2019లో. అరవై రెండేళ్లు. మన దగ్గర ఫైలు కదలదని వెక్కిరిస్తాం గానీ, ఇక్కడా అంతే.

మరి నా సీటు కింద స్విచ్ సంగతి? దాని వెనక ఉన్నది ఇంకో రకం చావులు. 1998లో నయాష్ ఈ బండి గురించి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక ప్రచురించింది. అది చదివి నాకు నోట మాట రాలేదు. ఇలాంటి బండి అంటే తిరగబడి చనిపోతారని అనుకుంటాం. కానీ వాళ్ళు పరిశీలించిన మరణాల్లో ఎక్కువ భాగం తిరగబడినవి కావు. బకెట్‌కీ బండికీ మధ్య, లేదా ఆ ఇనుప చేతులకీ బండికీ మధ్య నలిగి చనిపోయినవి. చాలామంది డ్రైవర్లే. చేతులు పైన ఉండగా సీట్లోంచి లేచినవాళ్ళు, ముందుకు వంగినవాళ్ళు, కింద దూరి ఏదో సరిచేయబోయినవాళ్ళు. మా నాన్నగారు చెప్పిన కుర్రాడు నాకు అక్కడ కనిపించాడు. ఊరు వేరు, బండి వేరు. మిగతాదంతా అదే.

అందుకోసమే సీటు ముందుకి దిగే కడ్డీ, సీటు కింద స్విచ్, బెల్టు, వీటన్నిటినీ కలిపే ఇంటర్‌లాక్ వచ్చాయి. మనిషి సీట్లో లేడనీ, కడ్డీ పైకి లేచిందనీ తెలియగానే చేతులు బిగుసుకుపోతాయి, చక్రాలు ఆగిపోతాయి. పాత బండ్లకి కూడా ఇవి అమర్చుకోమని, ఉన్నవాటిని ఎప్పుడూ తప్పించవద్దని ఆ హెచ్చరికలో రాశారు. అంటే తీగ ముక్క ఆలోచన మాది మొదటిది కాదు. మాకంటే ముందు ఎంతమందికో వచ్చింది. అంత ముందు నుంచే “వద్దు” అని రాసిపెట్టారు.

ఇంతకీ నా బండికి వచ్చిన జబ్బు ఏమిటో తెలుసా? ఏమీ లేదు. ఆదివారం పొద్దున్న షాపుకి ఫోను చేస్తే, “సీటు ఎంత వెనక్కి పెట్టుకున్నావు?” అని అడిగాడు. చివరిదాకా వెనక్కి పెట్టాను. బెల్టు వదులుగా ఉంది. బకెట్ అంచు కనపడక, ప్రతిసారీ సీట్లోంచి సగం లేచి చూస్తున్నాను. బండి నన్ను సరిగ్గానే పట్టుకుంది. సీటు ముందుకు జరిపి, బెల్టు బిగించి కూచుంటే సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. తప్పు చెప్పినవాడి నోరు నొక్కేయబోయాం మేం.

మా వృత్తిలో ఇది కొత్త సంగతి కాదు. పాత ప్రోగ్రాములో ఒక లైను కనిపిస్తుంది. ఎందుకుందో ఎవరికీ తెలియదు. పని ఆలస్యం చేస్తోందని తీసేస్తాం. మూడు నెలల తర్వాత జీతాల లెక్క తప్పుతుంది. అప్పుడు తెలుస్తుంది, పదేళ్ల కిందట ఎవరో ఓ రాత్రంతా కూచుని ఆ లైను ఎందుకు రాశారో. తేడా ఒక్కటే. జీతాల లెక్క మళ్ళీ సరిచేసుకోవచ్చు.

చిన్న బండ్లలో రెండోది మినీ ఎక్స్‌కవేటరు. దీనికి పుట్టిల్లు జపాన్. అక్కడి ఊళ్ళల్లో సందులు ఇరుకు. 1960ల చివర, 1970ల మొదట్లో యాన్మార్, తకేఉచి వంటి కంపెనీలు ఇళ్ల మధ్య తవ్వగలిగే బుల్లి బండ్లు చేశాయి. వీటితో ఒక చిక్కు ఉంది. ముందు బకెట్ ఇటు తిరిగితే వెనక బరువు అటు తిరుగుతుంది. గోడకీ దానికీ మధ్య మనిషి ఉంటే అంతే సంగతులు. 1993లో యాన్మార్ వెనక భాగం ట్రాకుల వెడల్పు దాటి బయటికి రాని బండిని తెచ్చింది. అయినా తిరిగే బండి చుట్టుపక్కల మనిషి ఉండకూడదన్న నియమం మారలేదు. డ్రైవరు కళ్ళు మనల్ని చూశాయని తెలిశాకే దగ్గరికి వెళ్లాలి.

తవ్వకంలో అసలు ప్రమాదం బండిలో ఉండదు, నేలలో ఉంటుంది. గ్యాసు పైపులు, కరెంటు కేబుళ్లు పైకి కనపడవు. అమెరికాలో ఎక్కడైనా తవ్వే ముందు ఫోను చెయ్యాల్సిన నంబరు 811. ఇది 2007 నుంచి దేశమంతటా ఉంది. పైసా ఖర్చు లేదు. కొన్ని పనిదినాల ముందు చెబితే వచ్చి రంగులతో గుర్తు పెట్టి వెళ్తారు. ఎరుపు కరెంటు, పసుపు గ్యాసు, నారింజ ఫోను, నీలం మంచినీళ్ళు, ఆకుపచ్చ మురుగు. గుర్తుకి అటూ ఇటూ, రాష్ట్రాన్ని బట్టి, ఒకటిన్నర రెండడుగుల దాకా బండి వాడకూడదు, చేత్తో తవ్వాల్సిందే. మన దేశంలోనూ 2023 మార్చిలో కాల్ బిఫోర్ యు డిగ్ అనే యాప్ మొదలైంది. తవ్వేవాళ్ళూ, కేబుళ్లున్న సంస్థలూ ఒకరికొకరు చెప్పుకోవడానికి. హైదరాబాదులో ఒకడు రోడ్డేస్తే మర్నాడు ఇంకొకడు తవ్వుతాడని నవ్వుకునే మనకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

గుంట సంగతీ అంతే. ఒక ఘనగజం మట్టి, అంటే పొడవు వెడల్పు లోతు మూడేసి అడుగులు, ఇంచుమించు 3000 పౌండ్లు ఉంటుంది. ఒక చిన్న కారు బరువు. గట్టు విరిగి మీద పడితే ఛాతీ కదలదు, ఊపిరి ఆడదు. అందుకే అయిదడుగులు గానీ అంతకంటే ఎక్కువ గానీ లోతున్న గుంటకి, గట్టి రాయి అయితే తప్ప, ఆసరా పెట్టాలి, లేదా గట్టు ఏటవాలుగా కొయ్యాలి. తీసిన మట్టి అంచుకి కనీసం రెండడుగుల దూరంలో పోయాలి. ఇవి ఓషా నియమాలు. మా నాన్నగారు విని, “మేమూ ఇంతే చెప్పేవాళ్ళం. వినేవాళ్ళు కాదు” అన్నారు.

మన ఊళ్ళ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మన దగ్గర ఈ బండ్లన్నిటికీ రెండే పేర్లు. ఒకటి జేసీబీ, రెండోది ప్రొక్లెయినర్. జేసీబీ అంటే జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్. 1945లో ఇంగ్లండులో ఒక చిన్న గరాజులో మొదలుపెట్టాడు. ముందు లోడరు, వెనక తవ్వే చెయ్యి ఉన్న బండిని 1953లో చేశాడు. 1979లో మన దేశంలో ఎస్కార్ట్స్‌తో కలిసి బల్లభ్‌గఢ్‌లో తయారీ మొదలైంది. ఇక ప్రొక్లెయినర్ అనేది ఫ్రాన్సులోని పోక్లెయిన్ అనే కంపెనీ పేరు మన నాలుక మీద తిరిగిన రూపం. ఫ్రెంచి బండి పేరు నల్గొండలో చెరువు పూడిక తీసే చోట వినపడుతుంది.

మన దగ్గర ఈ బండితో జనానికి భయం లేదు. అదే చిక్కు. బకెట్‌లో నిలబడి నాయకుల మీద పూలు చల్లుతారు. పెళ్ళికొడుకుని బకెట్‌లో ఊరేగిస్తారు. కూలీలు పొద్దున్నే బకెట్‌లో కూచుని పనికి వెళ్తారు. తయారుచేసినవాడు ఆ బకెట్‌ని మనిషి కోసం చెయ్యలేదు, మట్టి కోసం చేశాడు. మనిషిని పట్టి ఉంచేది అందులో ఏదీ లేదు.

అయితే ఇంకో సంగతి కూడా చెప్పకపోతే న్యాయం కాదు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి, ప్రకాష్ నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. ఎక్కడో హర్యానా నుంచి పనికి వచ్చిన ఒక డ్రైవరు, పోతే నా ఒక్కడి ప్రాణం, వస్తే తొమ్మిది మందితో వస్తానని జేసీబీ వేసుకుని వరదలోకి వెళ్లి వాళ్ళని తెచ్చాడు. నియమ పుస్తకం ఏదైనా దాన్ని ఒప్పుకుంటుందా? ఒప్పుకోదు. అయినా ఆ మనిషికి చేతులెత్తి దణ్ణం పెడతాం. తొమ్మిది ప్రాణాల కోసం అతను ప్రమాదాన్ని తెలిసి ఎత్తుకున్నాడు. నేను తీగ ముక్క తెచ్చింది దేనికోసం? పది నిమిషాల చిరాకు పోవడానికి. సాహసానికీ నిర్లక్ష్యానికీ తేడా అక్కడుంది.

సరే, సమయం అయిపోవస్తోంది. మీలో ఎవరైనా వారాంతంలో ఇలాంటి బండి తెచ్చుకోవాలనుకుంటే నా మాటగా నాలుగు సంగతులు. షాపతను చెప్పే పది నిమిషాలూ ఫోను జేబులో పెట్టి వినండి, తెలియనిది సిగ్గుపడకుండా అడగండి. ఎక్కేటప్పుడు దిగేటప్పుడు రెండు చేతులూ ఒక కాలూ, లేదా రెండు కాళ్ళూ ఒక చెయ్యీ బండికి ఆని ఉండాలి. కూచోగానే బెల్టు, ఆ తర్వాతే ఇంజను. దిగే ముందు బకెట్ నేల మీద పెట్టి, బ్రేకు వేసి, ఇంజను ఆపి, తాళం తీసుకోండి. ఎత్తిన చేతుల కింద ఎవరూ, ఒక్క క్షణం కూడా వద్దు. రిపేరుకి తప్పదనుకుంటే, చేతులు కిందకి రాకుండా అడ్డం పెట్టే ఆసరా బండికే ఉంటుంది, అది పెట్టాకే. తల పైనున్న కరెంటు తీగలకి కనీసం పదడుగుల దూరం. పిల్లలు ఇంట్లో. పెరట్లోకి చూడాలనుంటే కిటికీలోంచి. ఒడిలో కూచోబెట్టుకుని తిప్పడాలు, ఫొటోలు అసలే వద్దు.

ఒక్కో నియమం వెనక ఒక్కో మనిషి ఉన్నాడు. వాళ్ళ పేర్లు మనకు తెలియవు. వాళ్ళ పేర శిలాఫలకాలు లేవు. వాళ్ళకి మిగిలిన గుర్తు ఆ కడ్డీ, ఆ బెల్టు, సీటు కింద ఆ స్విచ్. వాటిని తీసేస్తే, వాళ్ళు నేర్పి వెళ్లిన పాఠం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. అదే ధర కట్టి.

మా పెరట్లో మడులు తయారయ్యాయి. నాన్నగారు బెండ, గోంగూర వేశారు. అక్టోబరులో ఇండియా వెళ్ళిపోయేటప్పుడు విమానాశ్రయంలో ఇంకేమీ చెప్పలేదు గానీ, “వచ్చే ఏడాది ఆ బండి తెస్తే సీటు ముందుకు జరుపుకోరా” అన్నారు.